కర్రీ పాయింట్ కూరలన్నీ ఒకే రుచి: ముద్ద ఎంత వేపాలి, ఎప్పుడు వేయాలి

మీరు అడిగింది ఇదీ. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కర్రీ పాయింట్ పెట్టి ఏడాదైంది. రోజుకు ఎనిమిది కూరలు. పొద్దున్నే ఆరు కేజీల ఉల్లిపాయలు, టమాటాలు, అల్లంవెల్లుల్లి ముద్ద వేసి ఒకే పెద్ద గ్రేవీ చేసుకుని, వంకాయకూ బెండకాయకూ కోడిగుడ్డుకూ చికెన్‌కూ అందులోంచే తీసి వాడుతున్నారు. రోజూ వచ్చేవాళ్లే "అన్నీ ఒకేలా ఉంటున్నాయండీ" అంటున్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన మీ స్నేహితుడేమో ఫ్రెంచి వంటలో మిర్‌ప్వా అని ఉంటుంది, దాంతోనే రుచి మొదలవుతుంది, సెలరీ అనే కాడల ఆకుకూర తెచ్చి వాడు అన్నాడు. మనకు అలాంటిది ఉందా, సెలరీ కొనాలా, ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఇరవై ఆరేళ్లు మెస్ నడిపాను. రోజుకు నూట యాభై భోజనాలు, పండగ రోజుల్లో ఇంకా ఎక్కువ. మీకు వచ్చిన మాట నాకూ మొదటి రెండేళ్లలో వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సెలరీ కొనొద్దు. మీ స్నేహితుడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే ఆ వస్తువు మీ వంటగదిలో ఇప్పటికే వేరే రూపంలో ఉంది.

మిర్‌ప్వా అంటే ఉల్లిపాయ రెండు పాళ్లు, క్యారెట్ ఒక పాలు, సెలరీ కాడలు ఒక పాలు తరిగి, వెన్నలో సన్న సెగ మీద రంగు మారకుండా మగ్గబెట్టడం. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఉన్న లెవీ-మిర్‌ప్వా అనే ప్రభువు పేరు దానికి వచ్చింది. ఇటలీవాళ్లు అవే మూడింటినీ ఇంకా సన్నగా తరిగి ఆలివ్ నూనెలో వేపుతారు, దాన్ని సొఫ్రిత్తో అంటారు. స్పెయిన్ వాళ్ల సొఫ్రీతోలో సెలరీ పోయి వెల్లుల్లి, టమాటా వచ్చి చేరాయి. అమెరికాలో లూసియానా వైపు క్యారెట్ తీసేసి, ఉల్లి, సెలరీ, పచ్చ క్యాప్సికమ్ పెట్టుకున్నారు. ఎక్కడ ఏది పండితే, ఎవరికి ఏది అలవాటైతే అది వచ్చింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉల్లి జాతిది ఒకటి ఎక్కడైనా ఉంటుంది. దానికి తోడుగా చాలాచోట్ల క్యారెట్ కుటుంబానిది ఒకటి ఉంటుంది. సెలరీ, క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, ఆఖరికి ఇంగువ చెట్టు కూడా వృక్షశాస్త్రం ప్రకారం ఒకే కుటుంబం. కొత్తిమీర పూతకు వదిలేసిన మడిని ఎప్పుడైనా చూస్తే తెలుస్తుంది, పువ్వులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. క్యారెట్ పూతా అంతే. ఫ్రెంచివాడు ఉల్లిపాయలో సెలరీ వేసి తెచ్చుకునే వాసనను మన అమ్మలు ఉల్లిపాయలో ధనియాలు, జీలకర్ర వేసి తెచ్చుకున్నారు. ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కాబట్టి మీరు చేయాల్సింది చిన్న పని. మార్కెట్‌లో కొన్న కొత్తిమీర కట్టల ఆకు గిల్లుకుని కాడలు పారేస్తున్నారు కదా. లేత కాడలు కడిగి, సన్నగా తరిగి, ఉల్లిపాయలు సగం మగ్గాక అందులో వేయండి. ఆకు సెగకు ఆగదు, కాడ ఆగుతుంది. కేజీ ఉల్లికి పిడికెడు కాడలు చాలు. ఆ ఒక్కదానితోనే గ్రేవీ వాసన మారడం మీకే తెలుస్తుంది.

ఇక మీ అసలు ఇబ్బందికి వస్తాను. అక్కడివాళ్లకూ మనకూ పెద్ద తేడా కూరగాయల్లో లేదు. వాళ్ల ముద్ద ఎక్కువగా వంట మొదట్లోనే పడుతుంది. మనది మొదట్లో పడొచ్చు, మధ్యలో పడొచ్చు, దించే ముందు పడొచ్చు. ఒక్కో కూరకు ఒక్కో వేళ. కొన్నిటికి వేపిన ముద్ద, కొన్నిటికి పచ్చి ముద్ద. మీరు అన్నిటికీ ఒకే ముద్దను, ఒకే స్థాయికి వేపి, ఒకే సమయంలో వేస్తున్నారు. ఇంక రుచి వేరుగా ఎలా వస్తుంది?

ముందు ఉల్లిపాయ వేపడం గురించి. ఇది బాగా తెలిసినవాళ్లు కూడా తొందరపడే చోటు.

ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీరే. ఆ నీరు ఉన్నంతసేపు మీరు కింద ఎంత మంట పెట్టినా ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే అది ఉడుకుతోందన్నమాట, వేగడం లేదు. నీరు దిగిపోయాక వేడి పైకి వెళ్తుంది. 140 డిగ్రీలు దాటాక ఎరుపు త్వరత్వరగా ఎక్కుతుంది, మాంసం కూరల్లో మనకు కావాల్సిన ఆ వేపుడు వాసన అప్పుడే పుడుతుంది. మీరు ఆరు కేజీలు ఒకే బాండీలో వేస్తున్నారు. పైముక్కల నీరు కిందికి దిగుతుంటే అడుగుముక్కలు ఎప్పటికి వేగుతాయి? ఓపిక అయిపోయి టమాటాలు వేసేస్తారు. అందుకే మీ గ్రేవీలో ఉడికిన ఉల్లి తీపి ఉంటుంది, వేగిన ఉల్లి రుచి ఉండదు. వెడల్పాటి బాండీలో రెండేసి కేజీలుగా వేపండి. కేజీకి ఒక చెంచా ఉప్పు మొదట్లోనే వేస్తే నీరు త్వరగా బయటికి వస్తుంది. మొదట మూత పెట్టి మగ్గనిచ్చి, తర్వాత మూత తీసి మంట పెంచండి. రెండు కేజీలు బంగారు రంగుకు రావడానికి అరగంట, బాగా ఎర్రబడడానికి ముప్పావుగంట పడుతుంది. కేజీ ఉల్లి చివరికి పావుకేజీ, మహా అయితే మూడువందల గ్రాములు అవుతుంది. గిన్నెలో అంతకంటే చాలా ఎక్కువ మిగిలితే ఇంకా నీరు ఉందని అర్థం.

పాయను బట్టి కూడా లెక్క మారుతుంది. కొత్తగా తవ్వి తెచ్చిన పాయలో నీరు ఎక్కువ, ఆరబెట్టి నిల్వ చేసిన పాయలో తక్కువ. మార్కెట్‌లో పైపొర గలగలలాడుతోందో, మెత్తగా అంటుకుని ఉందో చేత్తో పట్టుకుని చూసి కొనండి. వేపుడుకు ఆరినవి, ఉల్లికారం నూరడానికి కొత్తవైనా పర్వాలేదు.

టమాటా, చింతపండు సంగతి. మెస్ పెట్టిన కొత్తలో ఒక నిశ్చితార్థానికి మూడువందల మందికి వంట ఒప్పుకున్నాను. టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో ఉల్లిపాయలు మెత్తబడకముందే టమాటా గుజ్జు, చింతపండు పులుసు పోసేశాను. గంట ఉడికించినా ఉల్లిముక్కలు పలుకుగానే ఉండిపోయాయి. మెత్తబడవు కూడా. కూరగాయ గట్టిగా నిలబడడానికి కారణం దానిలోని పెక్టిన్. పులుపు తగిలితే ఆ పెక్టిన్ త్వరగా కరగదు. బంగాళదుంప పులుసులో దుంప ముందే ఉడికించి వేసేది కూడా ఇందుకే. ఆ రోజు నుంచి ఉల్లిపాయ వేళ్ల మధ్య నలిగేదాకా పులుపు దగ్గరికి రానివ్వలేదు. మీరూ అలాగే చేయండి.

వేపిన ఉల్లి ఏ కూరలకు? చికెన్, మటన్, కోడిగుడ్డు, మీల్‌మేకర్, బంగాళదుంప కుర్మా. వీటికి ఉల్లి ఎర్రబడ్డాక అల్లంవెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేపి, తర్వాత పసుపు, కారం. అల్లంవెల్లుల్లి ముందే వేస్తే అడుగంటి చేదెక్కుతుంది, ఉల్లి ఇచ్చిన తేమ దానికి కావాలి. కారం వేశాక సెగ తగ్గించి, నూనెలో అర నిమిషం తిప్పి, వెంటనే చారెడు నీళ్లు చిలకరించండి. మిరప రంగు, ఘాటు రెండూ నూనెలోనే కరుగుతాయి, నీళ్లలో కరగవు. నూనెలో తిప్పని కారం కూరలో మట్టిరంగుగా ఉంటుంది, గొంతులో పట్టుకుంటుంది. గుంటూరులో కాయ కొనేటప్పుడు మేం ఘాటుకు తేజ, రోజువారీ కూరకు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి వచ్చిన 334 రకం తీసుకునేవాళ్లం. రంగు ఇంకా కావాలంటే కర్ణాటక బ్యాడిగి మిరప కొంచెం కలిపితే చాలు, పొడి రంగులు వద్దు. గసగసాలు, కొబ్బరి ముద్ద మాత్రం కూర ఉడికాక వేయండి, ముందే వేస్తే అడుగు పట్టేస్తుంది.

వంకాయకు ఈ గ్రేవీ ఎప్పుడూ వేయొద్దు. దయచేసి వేయొద్దు. మన కృష్ణా, గుంటూరు వంకాయకు రెండు దారులున్నాయి, రెండూ గొప్పవే.

ఒకటి ఉల్లికారం. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర కొద్ది నూనెలో దోరగా వేపి, వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఉసిరికాయంత చింతపండు, ఉప్పుతో కలిపి ముందు పొడిగా తిప్పండి. పచ్చి ఉల్లిపాయ ముక్కలు ఆఖరున వేసి, ఆపి ఆపి రెండుమూడు తిప్పులు తిప్పండి, అంతే. నీళ్లు పోయకూడదు. పచ్చి ఉల్లిని మిక్సీలో మెత్తగా తిప్పితే చేదెక్కుతుంది. రోట్లో దంచినప్పుడు అది బరకగా ఉండేది కాబట్టి ఆ చేదు మనకు తెలిసేది కాదు. ఈ ముద్దను వంకాయల్లో కూరి, నూనెలో పెట్టి, మూతపెట్టి సన్న సెగన మగ్గనివ్వండి. ఇక్కడ ముద్ద, కాయ కలిసి వేగుతాయి. ఉల్లి నీరు వంకాయను ఉడికిస్తుంది, ఆ నీరు అయిపోయేసరికి కారం వేగడం మొదలవుతుంది. ముద్దలో చింతపండు ఉన్నా ఇబ్బంది లేదు, ఉల్లి కొంచెం పలుకు తగిలితేనే ఈ కూరకు అందం.

రెండోది కొత్తిమీర కారం. అరకేజీ లేత వంకాయలకు ఒక కొత్తిమీర కట్ట, ఐదారు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క, ఉప్పు, కాస్త జీలకర్ర కలిపి నూరుకోవాలి. తాలింపులో వంకాయ ముక్కలు పూర్తిగా మగ్గాక, దించడానికి రెండుమూడు నిమిషాల ముందు ఈ ముద్ద వేయాలి. అంతకుముందు వేస్తే ఆకుపచ్చ పోతుంది, వాసన ఆవిరితో పోతుంది, మిగిలేది గడ్డి రుచి. సెలరీ వాడేవాళ్లకు నేను చూపించాలనుకునే ముద్ద ఇదే. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, వేపడం లేదు, అయినా కూర మూత తీయగానే పక్కింటివాళ్లు అడుగుతారు. అల్లం, పచ్చిమిర్చి మాత్రమే నూరి అరటికాయకు, ఆనపకాయకు, బీన్స్‌కు వేసినా బాగుంటుంది.

ఈ ముద్ద మీ వ్యాపారానికి ఇంకో రకంగా పనికొస్తుంది. కార్తీక మాసంలో, భవానీ దీక్షలు, అయ్యప్ప దీక్షలు నడిచే రోజుల్లో విజయవాడలో ఎంతమంది ఉల్లి, వెల్లుల్లి మానేస్తారో మీకు తెలుసు. మీ పద్ధతిలో వాళ్లకు పెట్టడానికి ఒక్క కూరా లేదు. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఇంగువ తాలింపుతో మూడు కూరలు, ఒక పప్పు సులువుగా చేయొచ్చు. ఇంగువ ఉల్లి లోటు ఎందుకు తీరుస్తుందంటే దానిలోనూ ఉల్లి, వెల్లుల్లిలో ఉన్నలాంటి గంధకపు వాసనలే ఉంటాయి. నూనెలో వేగితేనే ఆ వాసన మృదువవుతుంది, పచ్చిగా పడితే భరించలేం. చిటికెడు ఇంగువను కాగిన నూనెలో పొంగనిచ్చి అప్పుడే కరివేపాకు వేయండి. మనం వాడే ఇంగువకు మూలమైన జిగురు తరతరాలుగా ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ వైపు నుంచే వస్తోంది. మన దేశంలో 2020లో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటడం మొదలుపెట్టారు. డబ్బా మీద చదివి చూడండి, చాలావాటిలో పిండి, జిగురు కలిపి ఉంటాయి. దీక్షవాళ్లకు వాడేటప్పుడు పరిమాణం ఆ లెక్కన వేసుకోవాలి, గిన్నెలూ గరిటెలూ కూడా విడిగా పెట్టాలి. వాళ్లు మనల్ని నమ్మి తింటారు.

బెండకాయ, దొండకాయ, కాకర వేపుళ్లకు గ్రేవీతో పనే లేదు. బెండకాయకు తడి తగిలితే జిగురు సాగుతుంది. ముక్కలు తుడిచి, ఆరనిచ్చి, మూత పెట్టకుండా వేపి, దించేముందు వెల్లుల్లికారం చల్లండి. పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి, కారం, జీలకర్ర, ఉప్పు. వెల్లుల్లి వాసన రెబ్బ నలిగినప్పుడే పుడుతుంది. కాబట్టి అప్పటికప్పుడు దంచితేనే వస్తుంది, పొద్దున దంచి మధ్యాహ్నం వేస్తే సగం పోతుంది. వేశాక ఒక్క నిమిషం తిప్పి పొయ్యి కట్టేయండి.

పప్పుకు, చారుకు తాలింపు. మీరు పోపు అనండి, తిరగమోత అనండి, అది కూడా ముద్దలాగే వంటకు వాసన పునాది. ఇదొకటి మీరు బాగానే చేస్తున్నారని మీ మాటల్లో అర్థమైంది.

నిల్వ గురించి. వేపిన ఉల్లి బాగా నిలుస్తుంది. నీరు పోయింది కాబట్టి, చల్లారాక మూతగట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు వాడుకోవచ్చు. టమాటా కలపకుండా విడిగా పెట్టండి, అప్పుడే ఒక కూరకు ఎక్కువ, ఒక కూరకు తక్కువ వేసుకునే వీలుంటుంది. అల్లంవెల్లుల్లి ముద్దలో ఉప్పు, కొంచెం నూనె వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, నీళ్లు తగలనివ్వొద్దు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి బయట పెట్టకండి. గాలి తగలని నూనె అడుగున బాట్యులిజం అనే జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి పెరగొచ్చు. వాసనలో, రుచిలో ఏ తేడా తెలియదు, ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ముద్ద ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగు రోజుల్లో అయిపోవాలి. ఎక్కువ కావాలంటే చిన్న చిన్న ముద్దలుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. వందమందికి పెట్టేవాళ్లం, ఈ జాగ్రత్త మనదే. అన్నట్టు ముద్ద కొన్నిసార్లు ఆకుపచ్చగా, నీలంగా మారుతుంది. వెల్లుల్లికి పులుపు తగిలినప్పుడు జరిగే రసాయన మార్పు అది, పాడైనట్టు కాదు. బూజు, పులిసిన వాసన ఉంటే మాత్రం పారేయండి.

కొత్తిమీర కారం, ఉల్లికారం ఏ రోజువి ఆ రోజే.

మీ ఎనిమిది కూరలకు పొద్దున పని ఇలా పడుతుంది. ఆరు కేజీల ఉల్లిలో నాలుగు కేజీలు రెండు విడతలుగా ఎర్రగా వేపేయండి, అది చికెన్‌కు, గుడ్డుకు, కుర్మాకు. కేజీన్నర ఉల్లికారానికి, మిగిలిన అరకేజీ పప్పుకు, టమాటా కూరకు పచ్చిగా తరిగి ఉంచండి. ఒక్కో విడత ఉల్లి వేగుతున్న ముప్పావుగంటలోనే ఒకరు కొత్తిమీర కారం నూరొచ్చు, ఇంకొకరు బెండకాయలు తుడిచి ఆరబెట్టొచ్చు. మనుషులు పెరగరు, గ్యాస్ ఖర్చు కొంచెం పెరుగుతుంది, టమాటా ఖర్చు తగ్గుతుంది.

ఒకేసారి అన్నీ మార్చకండి, కుర్రాళ్లు కంగారుపడతారు. ఈ వారం వంకాయ, బెండకాయ రెండూ గ్రేవీలోంచి బయటికి తీసేయండి. వచ్చే వారం చికెన్ ఉల్లి విడిగా వేపండి. వంకాయ కొత్తిమీర కారం మొదటిరోజు పన్నెండున్నరకల్లా ముద్ద వేసి దించేయండి, ఒంటిగంటకు జనం వచ్చేసరికి వాసన ఇంకా గిన్నెలోనే ఉంటుంది. ముద్ద చేదుగా అనిపించినా, ఉల్లి రంగు రాకపోయినా, ఏ బాండీలో ఎన్ని కేజీలు వేశారో, ఎంతసేపు వేపారో రాయండి, చూసి చెబుతాను.